మూడో మలుపు దగ్గర ఎర్ర గీత

చిరంజీవి మేనకోడలికి,

కొలిమి ఆరకముందే కూర్చుని మామయ్య రాస్తున్న సంగతులివి. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావనీ, ఆ డిక్షనరీ ఆఫీసులో మాటల పీకలు పట్టుకుని అర్థాలు కక్కిస్తున్నావనీ తలుస్తాను.

ఇక అసలు విషయానికొస్తాను. మన ఊళ్లో కొత్త లైబ్రరీ కట్టారు కదా. కింది హాల్లోంచి పైకి వెళ్లే మెట్లు తిన్నగా వెళ్లవు, మూడు మలుపులు తిరిగి వెళ్తాయి. వాటికి ఇనుప రెయిలింగ్ చేసిందెవరనుకున్నావు? నేనే! కింది నుంచి పైదాకా ఎక్కడా అతుకు కనపడదు. చీమ ఎక్కడం మొదలుపెడితే మధ్యలో ఆగి దారి వెతుక్కోనక్కర్లేదు.

పోయిన వారం కట్టడం చూడటానికి పెద్ద ఇంజినీరు ఒకాయన వచ్చాడు. గోడలు చూశాడు, ఏమీ అనలేదు. కిటికీలు చూశాడు, ఏమీ అనలేదు. నా రెయిలింగ్ మీద చెయ్యి వేసి మెట్లెక్కుతూ మూడో మలుపు దగ్గర ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి జరిపి, మళ్లీ ముందుకి జరిపి, "సిన్యువస్!" అన్నాడు. ఒక్క మాటే. దిగి కారెక్కి వెళ్లిపోయాడు. ఆ మాట లైబ్రేరియన్ చేత కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మెట్ల మొదట్లో ఒక రాయి పెడతారట. దాని మీద ఆ మాట, కింద మెట్ల పని చేసినవాడి పేరు చెక్కిస్తారట. పేరుకి ఒక్క వరసకే చోటు. మనిషికి రాయి మీద పేరు పడే యోగం బతికుండగా ఎన్నిసార్లు పడుతుంది చెప్పు?

అంతా బాగానే ఉంది గానీ మీ నాన్న ఉన్నారే, మా బావగారు, ఆ మాటకి అర్థం 'వంకర' అని బజారంతా చెప్పుకుంటూ తిరుగుతున్నారు. "వాడి పని వంకరని పెద్ద ఇంజినీరే తేల్చేశాడు" అన్నారట. నా మొహం మీద అనలేదు. మా ఇద్దరికీ మాటల్లేవు కదా. నువ్వు బళ్లో చదివే రోజుల్లో మీ వంటింటి కిటికీకి నేను బయటికి పొట్ట పెట్టి గ్రిల్లు చేశాను, గుర్తుందా? ఆయన చేసిన తలుపులేమో తిన్నటి పలకలు. మూయబోతే నా గ్రిల్లు పొట్టకి తగులుతాయి. గ్రిల్లు చదును చెయ్యమని ఆయన, తలుపులు వంచి చెయ్యమని నేను. ఆ రోజు నుంచి ఆ కిటికీ మూసుకోలేదు, మా నోళ్లు తెరుచుకోలేదు.

ఈ లైబ్రరీలోనూ నా ఇనుము పైన చెక్క పట్టీ వేసే పని వడ్రంగి గారిదే, అంటే మీ నాన్నదే. అందుకని పొద్దున పూట ఆయన, మధ్యాహ్నం నుంచి నేను. మేం ఎదురుపడకుండా చూడటం లైబ్రేరియన్ పని. పాపం, ఆయన పుస్తకాలింకా సర్దుకోలేదు.

కాబట్టి ఆ మాటకి అర్థమేమిటి, అది ఎక్కడ పుట్టింది, దాని తాతముత్తాతలెవరు, అన్నీ రాసి పంపు. రాయి మీద చెక్కించుకునేది పొగడ్తో తిట్టో తేలాలి.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: అక్షరాలు పెద్దవిగా రాయి. నాకు కళ్లద్దాలు పెట్టుకునేంత వయసు రాలేదు.

ఇంకో తా.క.: తిట్టే అయితే అర్థం రాయకు. ఎక్కడ పుట్టిందో రాస్తే చాలు.

*

మామయ్యకి,

నీ ఉత్తరం మసి వేలిముద్రలతో సహా భద్రంగా అందింది. మా ఆఫీసులో అందరూ దాన్ని వాసన చూసి మరీ ఇచ్చారు.

అది తిట్టు కాదు మామయ్యా. హాయిగా ఊపిరి పీల్చుకో. ఏరు సాగినట్టు మెత్తగా అటూ ఇటూ ఒంపులు తిరుగుతూ పోయేదాన్ని అలా అంటారు. తిన్నగా ఉండాల్సింది చెడిపోతే వంకర. ఇది ఒంపు కోసమే పుట్టిన ఒంపు. పాము నడకకీ, నాట్యం చేసేవాళ్ల చేతికీ కూడా ఈ మాట వాడతారు.

ఇక తాతముత్తాతలు. ఇంగ్లీషు వాళ్లు కొన్ని వందల ఏళ్ల కిందట దీన్ని లాటిన్ నుంచి తెచ్చుకున్నారు. లాటిన్లో 'సినుస్' అంటే ఒంపు. సముద్రం నేలలోకి ఒంపుగా చొచ్చుకొచ్చిన చోటు సినుస్. ఒంటికి చుట్టుకున్న బట్ట గుండెల దగ్గర వదులుగా పడే మడత సినుస్. ఆ మడత చాటున బిడ్డని పెట్టుకునే ఒడి కూడా సినుసే. ఒక్క మాటలో ఎంత కుటుంబం ఉందో చూశావా? నాన్నకి జలుబు చేసినప్పుడల్లా ముక్కు పక్కన పట్టేస్తుందే, డాక్టర్లు సైనస్ అంటారే, అది కూడా ఆ ఇంటి పిల్లే. ముఖం ఎముకల్లో ఉండే గుల్లలకి ఆ పేరు పెట్టారు.

ఇప్పుడు ఇంకో సంగతి చెబుతాను, కూర్చుని చదువు. మా కొత్త డిక్షనరీలో సరిగ్గా ఆ అక్షరం పేజీలే ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. నీ రెయిలింగ్ గురించి మా పెద్దాయనకి చెప్పాను. పెద్దాయనంటే మా ప్రధాన సంపాదకుడు, నవ్వడం డాక్టరు వద్దన్నట్టు ఉంటారు. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ మాట పక్కన చిన్న బొమ్మ వేద్దాం. మీ మామయ్య గీసుకున్న బొమ్మ ఉంటే తెప్పించు" అన్నారు. డిక్షనరీలో మా మామయ్య పని! ఈ ఉద్యోగంలో చేరాక నేనింత పొంగిపోయింది లేదు. బొమ్మ వెంటనే పంపు.

నమస్కారాలతో,
నీ మేనకోడలు

తా.క.: ముక్కు సంగతి నాన్న చెవిన పడనివ్వకు.

*

నా బంగారు మేనకోడలికి,

నీ తా.క. చివర్లో పెట్టావు. అదే నువ్వు చేసిన పొరపాటు.

నీ ఉత్తరం నేను బజారు మధ్యలో నిలబడి, కాగితం చెయ్యంత దూరంలో పట్టుకుని, పైకి చదివాను. ఏరు అన్న మాట దగ్గర పదిమంది చేరారు. సముద్రం దగ్గరికొచ్చేసరికి టీ కొట్టు ఖాళీ అయింది. అందరూ నా చుట్టూనే ఉన్నారు. ఆ ఊపులో ముక్కు కూడా చదివేశాను. తరవాత నీ తా.క. చదివాను. అది కూడా పైకే చదివాను.

మీ నాన్నకి కోపం వచ్చిందట. "నా ముక్కు పట్టుకుని వాడు పైకొస్తున్నాడా?" అన్నారట. ఆయన ముక్కులో ఉన్నదీ నా చేతిలో ఉన్నదీ ఒకే ఇంటి సరుకైతే అందులో నా తప్పేముంది? కోపంలో చిత్రిక పడుతుంటే చెక్కపొట్టు ముక్కులోకి పోయి మధ్యాహ్నం దాకా తుమ్ముతూనే ఉన్నారని లైబ్రేరియన్ చెప్పాడు.

మీ అమ్మకి కూడా చదివి వినిపించాను. బట్ట మడత దగ్గర ఆపి "మళ్లీ చదువు" అంది. చదివాను. "ఇంకోసారి" అంది. చదివాను. నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. అక్కకి చదువంటే ఇంత ఇష్టమని ఇన్నాళ్లూ నాకు తెలీదు సుమా.

బొమ్మ పంపేశాను. మొదటి రెండు మలుపులవీ లైబ్రరీ వాళ్లు పెరట్లో పరిచేసుకున్నారు, మూడో మలుపుది మిగిలింది. ఇంజినీరు చెయ్యి ఆగింది అక్కడే కాబట్టి అదే మంచిది. రేపో ఎల్లుండో చేరుతుంది. దించుకునేటప్పుడు మూలలు జాగ్రత్త. గట్టి మనుషుల్ని నలుగుర్ని పెట్టుకో.

గర్వంగా ఉందే తల్లీ! మా నాన్న గుర్రాలకి నాడాలు కొట్టాడు. నేను డిక్షనరీలోకి ఎక్కుతున్నాను. నన్ను ఎక్కిస్తున్నది నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: బొమ్మ కింద నా పేరు ఇంటిపేరుతో సహా వెయ్యి. ఊళ్లో నా పేరువాడు ఇంకొకడున్నాడు. గోడలకి సున్నం వేస్తాడు. పొగడ్త వాడి ఖాతాలో పడకూడదు.

*

మామయ్యకి,

నేను అడిగింది బొమ్మ. నువ్వు పంపింది నాపబండ.

నలుగురు మనుషులనగానే నాకు అనుమానం రావాల్సింది. లారీ వాళ్లు దాన్ని లోపలికి దొర్లించి, పెద్దాయన గది గుమ్మం ముందు దించి, నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. మళ్లీ కదల్చడం మా వల్ల కాలేదు. మా వాళ్లు రోజంతా మాటలు మోసేవాళ్లు, వాళ్లకి బండలు ఎలా మొయ్యాలో తెలీదు. పెద్దాయన తలుపు తీసి బండని చూశారు, నన్ను చూశారు. "ఇది ఏ మాటకి అర్థం?" అన్నారు.

ఇనుప పనివాళ్లు కాగితం మీద గీసుకోరనీ, అసలు కొలతతో బండ మీద సుద్దతో గీసి, కాల్చిన కమ్మీని ఆ గీత మీద పెట్టి సరిచూసుకుంటారనీ ఆయనకి చెప్పాను. చిన్నప్పుడు నీ కొలిమి దగ్గర ఆ గీతల మీదే తొక్కుడుబిళ్ల ఆడి తన్నులు తిన్నదాన్ని, నాకు గుర్తుండాల్సింది. పేజీలో బొమ్మకున్న చోటు అగ్గిపెట్టెంత మామయ్యా! పెద్దాయన రోజూ బండ మీంచి అంగ వేసి గదిలోకి వెళ్తున్నారు.

అయితే ఇప్పుడు అడగబోయేది నవ్వులాట కాదు.

బండ మీద దుమ్ము తుడుద్దామని వంగాను. నీ తెల్ల సుద్ద గీతకి నాలుగు వేళ్లు లోపలగా ఇంకో గీత ఉంది. ఎర్ర పెన్సిల్ది. దాని వెంట పక్షి అడుగుల్లాంటి చిన్న గుర్తులున్నాయి. ఆ పెన్సిల్ నాన్న చెవి మీద ఉంటుంది. ఆ గుర్తులు మా ఇంట్లో ప్రతి కుర్చీ కిందా, ప్రతి బల్ల కిందా ఉన్నాయి. నువ్వు ఇనుము వంచింది ఏ గీత మీద మామయ్యా, తెల్లదాని మీదా, ఎర్రదాని మీదా? బొమ్మ కింద పేరు వేయాలి. తప్పు పేరు వేయలేను.

నమస్కారాలతో,
నీ మేనకోడలు

తా.క.: పెద్దాయన అంగ నిన్న కొంచెం తగ్గింది. కాలి బొటనవేలు వాచింది. ఇవాళ ఎవ్వరం ఆయన ఎదురుగా ఒంపు అన్న మాట ఎత్తడం లేదు.

*

మేనకోడలికి,

ఎర్రదాని మీద.

ఒక మధ్యాహ్నం పనికి వెళ్లేసరికి ఆ ఎర్ర గీత ఉంది. అక్కడి ఇంజినీరు కుర్రాడు దిద్దాడేమోననుకున్నాను. కట్టించేవాడి మాట కాదనలేం కదా. తిట్టుకుంటూనే దాని మీద వంచాను. వంచాక చూస్తే బాగుంది. బాగున్న పని నాదే అనుకోవడం నాకు ముందు నుంచీ అలవాటు. నీ ఉత్తరం రాగానే పరిగెత్తుకెళ్లి ఆ కుర్రాణ్ణి అడిగాను. "నేను బండ జోలికే రాలేదు" అన్నాడు.

అంటే ఆ పెద్ద ఇంజినీరు చెయ్యి ఆగిన మలుపు నాది కాదు. మీ నాన్నది.

నాకు అన్నం సయించడం లేదే. ఈ చేతుల్తో ఎంత ఇనుము వంచాను! ఎవరి ముందూ తల వంచలేదు. అలాంటిది ఒకరి గీత కింద నా పేరు చెక్కించుకుని, రేపు మనవలకి చూపించి మీసం తిప్పుకోమంటావా? అంతకన్నా సున్నం వేసుకోవడం నయం. రాయి చెక్కేవాణ్ణి ఆపేశాను. పై మాట చెక్కేశాడు, కింద పేరు చెప్పమని ఉలి పట్టుకుని కూర్చున్నాడు. శనివారం లైబ్రరీ తెరుస్తారు.

బావ దగ్గరికి వెళ్లి అడగమని మాత్రం అనకు. ఇన్నేళ్ల తరవాత మొదటి మాట నేను ఆడాలా? అదీ "నీ గీత బాగుంది బావా" అనా? నా నోట్లోంచి ఆ మాట పట్టకారు పెట్టి లాగినా రాదు.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: మీ పెద్దాయన్ని తోలు బూట్లు వేసుకోమను. బండల మధ్య బతికేవాళ్లం మేం అదే చేస్తాం.

*

మామయ్యకి,

పట్టకారు అక్కర్లేదు. నేను లాగుతాను.

ఇవాళ పొద్దున పెద్దాయన గుమ్మం దగ్గర ఎంతకీ అంగ వేయలేదు. కింద పడ్డారేమోనని పరిగెత్తాను. మోకాళ్ల మీద కూర్చుని ఆ ఎర్ర గీత వెంట వేలు పోనిస్తున్నారు. ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి. "అమ్మాయ్, మనం ఈ మాటకి అయిదు వరసలు రాసి నాలుగు కొట్టేశాం. ఇది గీసినవాళ్లు ఒక్క వరసలో చెప్పేశారు. ఎవరో కనుక్కో, పేరు వేద్దాం" అన్నారు. నవ్వారు కూడా. మేమందరం చూశాం.

మామయ్యా, నేను ఆ మూసుకోని కిటికీ దగ్గర కూర్చుని చదువుకున్నాను. వానొస్తే పుస్తకాలు తడిసేవి. ఇటు నీ గ్రిల్లు, అటు నాన్న తలుపు. రెండూ అంత అందంగా ఉండి ఒకదానికొకటి ఎందుకు పనికిరాకుండా పోయాయో నాకు అర్థమయ్యేది కాదు. ఇక్కడ నన్నెవరైనా మీ వాళ్లేం చేస్తారని అడిగితే ఒకరు ఇనుము, ఒకరు చెక్క అని గర్వంగానే చెబుతాను. ఇద్దరి పేర్లూ ఒకే ఊపిరిలో చెబుతాను. మీరిద్దరూ ఒక గదిలో కూర్చోరని మాత్రం చెప్పలేకపోతున్నాను. సిగ్గేస్తుంది.

ఉత్తరం మడిచి బయల్దేరు. దీన్ని బజార్లో చదవకు.

నమస్కారాలతో,
నీ మేనకోడలు

తా.క.: నాన్నకి తుమ్ములు తగ్గాయో లేదో చూసుకుని వెళ్లు. తుమ్ముతున్నప్పుడు ఆయన ఏదీ ఒప్పుకోరు.

*

చిరంజీవి మేనకోడలికి,

వెళ్లాను.

బావ అరుగు మీద చిత్రిక పడుతున్నారు. నన్ను చూసి ఆపలేదు. నేను నిలబడ్డాను. కాసేపు చెక్కపొట్టు నా కాళ్ల మీద పడింది. చివరికి కళ్లు మూసుకుని "మూడో మలుపు దగ్గర ఎర్ర గీత నీదేనా బావా?" అని అడిగేశాను.

"ఏ గీత?" అన్నారు. మాట్లాడారు!

"నీ ఎర్ర పెన్సిల్ది. పక్కన నీ పక్షి అడుగులున్నాయి. నేను దాని మీదే ఇనుము వంచాను."

ఆయన చెవి మీద పెన్సిల్ తడుముకున్నారు. "ఓహో, అందుకా! ఒంపు మెత్తబడి నాలుగు వేళ్లు లోపలికి రాకపోతే పైన వేసే నా చెక్క పగులుతుందని ఇంట్లో రోజూ మొత్తుకుంటూనే ఉన్నాను. అనుకున్నట్టే వంగి వచ్చేసరికి నీకు బుద్ధొచ్చిందనుకున్నాను" అన్నారు. "మరి గీసింది నువ్వేనా?" అన్నాను. పెన్సిల్ తీసి తిప్పి చూసుకున్నారు. "ఎప్పుడు గీశానో గుర్తులేదు. కానీ పెన్సిల్ నాది, గుర్తులు నావి, గీత అంత బాగుందంటే నేను కాక ఇంకెవరు?" అన్నారు.

"నీ గీత బాగుంది బావా" అన్నాను. వచ్చింది తల్లీ, ఆ మాట నోట్లోంచి వచ్చింది. గొంతు కొంచెం గీసుకుంది, అంతే.

అయితే రాయి మీద నీ పేరే చెక్కిస్తానన్నాను. ఆయన గయ్యిమన్నారు. "మెలికలు తిరిగిన పని కింద నా పేరా? పుట్టాక తిన్నదనం చూసే మూలమట్టం వదలని చెయ్యి ఇది! వంచింది నువ్వు, నీ పేరే వేయించుకో" అన్నారు. "ఒకరి గీత మీద నా పేరు వేయించుకోను" అన్నాను. "నీ పొగరు నీకుంటే నా పొగరు నాకుంది" అన్నారు. అరుచుకున్నాం. వీధంతా చేరింది. అన్నేళ్ల మాటలు కదా, ఒక్కసారి పడ్డాయి. మీ అమ్మ గుమ్మంలోకి వచ్చి, "పేర్లెందుకు? మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో అది చెక్కించండి" అంది. ఆ మాటే రాయి చెక్కేవాడికి చెప్పి పంపాం.

రాయి మీద ఇప్పుడు పైన ఆ ఇంగ్లీషు మాట ఉంది. కింద 'బావాబావమరుదుల పని' అని ఉంది. శనివారం జనం ముందు దాన్ని చూస్తుంటే నా ఛాతీకి చొక్కా సరిపోలేదు. బావ తుమ్మారు. కళ్లు తడిశాయి. తుమ్ము వల్లేనన్నారు, నేను సరేనన్నాను.

ఇంకోటి. లైబ్రరీ చెక్క పట్టీ కోసం ఆయన చెక్కని వంచడం నేర్చుకున్నారు కదా. నిన్న మీ వంటింటి కిటికీకి కొత్త తలుపులు చేశారు, నా గ్రిల్లుకి సరిపోయేలా పొట్ట పెట్టి. మూస్తే చప్పుడు కూడా రాలేదు. మీ అమ్మ పది నిమిషాలు సంబరపడి, వంటిల్లు చీకటైపోయిందని తిట్టడం మొదలుపెట్టింది.

బొమ్మ కింద మీ నాన్న పేరు వెయ్యి. గర్వంగా చెబుతున్నాను.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: కవరు అంటించి పోస్టులో వెయ్యమని మీ అమ్మకిచ్చి వెళ్తున్నాను. బావా నేనూ లైబ్రరీకి వెళ్తున్నాం. ఒకే పూట!

ఇంకో తా.క.: ఇది అమ్మ రాస్తున్నది. వాళ్లిద్దరూ వీధి మలుపు తిరిగాకే కాగితం తెరిచాను.

ఆ ఎర్ర గీత నాది.

అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా మీ నాన్న అదే పాట: నాలుగు వేళ్లు లోపలికి రావాలి, లేకపోతే చెక్క పగులుతుంది. వెళ్లి తమ్ముడితో చెప్పరు. వాడు వచ్చి అడగడు. లైబ్రరీకి రోజూ క్యారేజీ పట్టుకెళ్లేది నేనే కదా. ఒకరోజు ఆయన తిని కునుకు తీస్తుంటే చెవి మీద పెన్సిల్ తీసుకుని లైబ్రరీ పెరట్లో బండ దగ్గరికి వెళ్లాను. తీరా వంగాక గీయడం ఎలాగో తెలియలేదు. నా శాలువా తీసి, మడత పెట్టి, నాలుగు వేళ్లు లోపలగా వదులుగా పరిచాను. తనంతట తనే ఒంపు తిరిగింది. దాని అంచు వెంట గీసి, ఆయన గుర్తులు నాలుగు వేసి, పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టేశాను. ఆయన కదల్లేదు కూడా.

అందుకే నువ్వు రాసిన బట్ట మడత సంగతి తమ్ముడు చదువుతుంటే నవ్వాగలేదు. ఆ లాటిన్ వాళ్లకి నా శాలువా గురించి ఎవరు చెప్పారో!

వీళ్లిద్దరికీ చెప్పకు. ఇప్పుడిప్పుడే మాట్లాడుకుంటున్నారు. రాయి మీద నా పేరు లేదని నువ్వు బాధపడకు. ఎవరూ లేనప్పుడు వెళ్లి ఆ మూడో మలుపు దగ్గర చెయ్యి పెట్టి వస్తున్నాను. నాకు చాలా గర్వంగా ఉంటుందమ్మా.

కానీ డిక్షనరీలో బొమ్మ కింద నా పేరే వెయ్యి. తప్పు పేరు వేయనని తమ్ముడికి రాశావట కదా. అక్షరాలు మాత్రం వీలైనంత చిన్నవి పెట్టు. మీ నాన్నా మామయ్యా ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకోవడం నామోషీ అనుకునే రకం.